కష్టాల్లో విశ్వాసి ఎలా ఉండాలి? ఏడిస్తే, మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

వందనాలు సోదరీ.

మీ తమ్ముడు క్యాన్సర్‌తో చనిపోయాడని, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించినా బతకలేదని రాశారు. ఆ దుఃఖం ఆరకముందే మీవారి ఉద్యోగం పోయింది. సంఘంలో ఒకావిడ "ఏదో దాచిన పాపం ఉండే ఉంటుంది, పరీక్షించుకోండి" అన్నారు. ఆదివారం పాటలు పాడుతుంటే మీకు గొంతు పెగలడం లేదు, దేవుడి మీద కోపం వస్తోంది, ఆ కోపం వచ్చినందుకు భయం వేస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేక డాక్టరు దగ్గరికి వెళ్తే మందులు రాశారు, అవి వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. చివరికి, "విశ్వాసిగా నేను దీన్ని ఎలా తీసుకోవాలి?" అని అడిగారు.

చాలా ఏళ్లుగా ఆసుపత్రుల్లో, చావు జరిగిన ఇళ్లలో కూర్చుని ప్రార్థన చేసే పరిచర్యలో ఉన్నాను. ఆ అనుభవంతోనూ, వాక్యంలో చదివినదాన్ని బట్టీ చెబుతున్నాను. మీ తమ్ముడి గురించి చాలా బాధగా ఉంది. ఈ మాట మిగతావన్నిటికంటే ముందు చెప్పాలి.

పాపం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ముల్లు తీయకుండా ఇంకేం చెప్పినా మీకు ఎక్కదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి కన్నవాళ్లా?" అని అడిగారు. యేసు ఆ రెండూ కాదన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా, కాదు అని తేల్చి చెప్పాడు (లూకా 13). అంటే చావుని చూసి చనిపోయినవాడి పాపాన్ని లెక్కగట్టే అధికారం ఎవరికీ లేదు. నిజమే, కొన్ని కష్టాలు మనం చేసినవాటి ఫలితంగానే వస్తాయి. తాగి బండి నడిపి కాలు విరగ్గొట్టుకున్నవాడికి ఆ కారణం తెలుసు. కానీ తెలిసిన పాపం ఉంటే పరిశుద్ధాత్మ దాన్ని పేరు పెట్టి చూపిస్తాడు, ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుంది. "ఏదో ఉండే ఉంటుంది" అని గాలిలో బాణం వేసి, దుఃఖంలో ఉన్న మనిషిని చీకట్లో వెతుక్కోమనడం ఆయన పద్ధతి కాదు. మీ తమ్ముడి జబ్బుకి మీ పాపం కారణమనే మాటను మీరు మొయ్యనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యోబు గ్రంథాన్ని మనం తరచుగా మొదటి రెండు అధ్యాయాల దగ్గరే ఆపేస్తాం. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక" అన్న మాట చావు ఇళ్లలో చెబుతాం, గోడలకు తగిలించుకుంటాం. అది గొప్ప మాటే. కానీ పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని ఆ మాట అన్న మనిషే మూడో అధ్యాయంలో నోరు తెరిచి తను పుట్టిన రోజును శపించాడు. ఆ తర్వాత అధ్యాయాలకు అధ్యాయాలు దేవుడితో వాదించాడు, నిలదీశాడు, "నాకెందుకు నీ ముఖం దాచుకున్నావు" అని అడిగాడు. ఆయన్ని ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు మాత్రం ఎక్కడా గీత దాటలేదు. దేవుడు న్యాయవంతుడనీ, పాపికి శిక్ష పడుతుందనీ అన్నీ పద్ధతిగా మాట్లాడారు. చివర్లో దేవుడు వాళ్లలో ఒకడైన ఎలీఫజుతో ఏమన్నాడో చూడండి: నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు, నా కోపం మీ మీద మండుతోంది అన్నాడు (42:7).

అంత అరిచిన యోబు సరిగ్గా మాట్లాడినట్టూ, అంత భక్తిగా మాట్లాడినవాళ్లు తప్పు మాట్లాడినట్టూ ఎలా అయింది? నాకు అర్థమైనంతలో కారణం ఒకటుంది. ఆ ముగ్గురూ మొదటి నుంచి చివరి దాకా దేవుడి గురించి మాట్లాడారు. ఒక్కసారి కూడా "ప్రభువా, మా స్నేహితుణ్ణి చూడు" అని దేవుడితో మాట్లాడినట్టు కనబడదు. యోబు ఎంత మండిపోతున్నా మాటిమాటికీ దేవుడివైపే తిరిగి ఆయనతోనే మాట్లాడాడు. విశ్వాసంతో కష్టాన్ని ఎదుర్కోవడమంటే నా దృష్టిలో ఇదే: నొప్పిని ఎత్తుకుని దేవుడి నుంచి దూరంగా పోకుండా, ఆ నొప్పితోనే ఆయన దగ్గరికి పోవడం. ఆ నొప్పి అప్పటికి ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే.

కాబట్టి మీ కోపం గురించి అంతగా భయపడకండి. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడోవంతు మొరలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని పదమూడో కీర్తన మొదలవుతుంది. చాలా మొరలు చివరికి స్తుతిలోకి మళ్లుతాయి. ఎనభై ఎనిమిదో కీర్తన మాత్రం అలా మళ్లదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అలాంటి కీర్తనను కూడా దేవుడు తన ప్రజలు పాడుకోవడానికి పరిశుద్ధ గ్రంథంలో ఉంచాడంటే, మీ ప్రార్థన ఈరోజు స్తుతితో ముగియకపోయినా ఆయన వింటాడన్నమాట. ఆ కీర్తన మొదటి వచనంలో "దేవా నా రక్షణకర్తా" అని పిలుస్తూనే ఉన్నాడు చూశారా. ఆ పిలుపు ఉన్నంతవరకు అది ప్రార్థనే.

యేసు కూడా లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు, కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా. గెత్సేమనేలో "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అని శిష్యులకు చెప్పుకున్నాడు, తోడుగా మెలకువగా ఉండమని బతిమాలాడు. ఈ గిన్నె తొలగించమని అడిగి, ఆ తర్వాతే "నా యిష్టము కాదు నీ చిత్తమే" అన్నాడు. మన సంఘాల్లో ఆ రెండో మాట ఒక్కటే నేర్పుతాం. మొదటి మాట చెప్పకుండా రెండో మాటకు వచ్చేయమని ఒత్తిడి పెడతాం. సిలువ మీద ఆయన "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అరిచిన సంగతి గుర్తుంటే, దుఃఖంలో ఉన్న మనిషిని "ఏడవకండి, సాక్ష్యం పాడవుతుంది" అని ఎవరూ గద్దించరు.

ఒక ఆసుపత్రి వార్డులో చూసిన తండ్రి గుర్తొస్తున్నాడు. కొడుకు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు, ఒళ్లో బైబిలు మూసే ఉండేది. పాస్టర్లు వస్తే లేచి నిలబడి వందనం చేసేవాడు, ప్రార్థన చేయమంటే తల అడ్డంగా ఊపేవాడు. రాత్రి లైట్లు తగ్గించాక కొడుకు చెయ్యి పట్టుకుని "ప్రభువా, చూస్తున్నావు కదా" అనేవాడు. అంతే, ఆ మూడు మాటలే, మళ్లీ కాసేపటికి అవే. అతని విశ్వాసం తక్కువైందని బంధువులు గుసగుసలాడుకున్నారు. నాకైతే ఆ వార్డులో అంతకంటే బలమైన ప్రార్థన వినబడలేదు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా 8లో పౌలు రాసింది ఇలాంటి రాత్రుల గురించే.

అంత మంది ప్రార్థిస్తే ఎందుకు వినలేదు అంటారా? ఎందుకు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్లను కూడా అంత త్వరగా నమ్మకండి. యోబుకు కూడా ఆ జవాబు చివరిదాకా దొరకలేదు. దేవుడే దొరికాడు, కారణం దొరకలేదు. కానీ "విశ్వాసం చాలలేదు కాబట్టే చనిపోయాడు" అనే మాటకు మాత్రం వాక్యంలో గట్టి జవాబుంది. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం తీయండి. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును దేవదూత చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. ఇద్దరూ అపొస్తలులే, ఇద్దరిదీ ఒకే సంఘం. యాకోబును సంఘం తక్కువ ప్రేమించిందనో, యాకోబుకు విశ్వాసం చాలలేదనో అక్కడ ఒక్క ముక్క లేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అన్న మాట దొరికింది, ముల్లు అలాగే ఉంది. ఎంతోమందిని స్వస్థపరచిన అదే పౌలు, తన తోటి సేవకుడు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). హెబ్రీ పదకొండో అధ్యాయంలో సింహాల నోళ్లు మూయించినవాళ్లూ, రంపాలతో కోయబడినవాళ్లూ ఒకే పట్టికలో, ఒకే విశ్వాసం పేరు మీద ఉన్నారు.

దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు రాజైన నెబుకద్నెజరుతో, మా దేవుడు రక్షించగలడు అన్నారు, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు. మీ తమ్ముడి కోసం మీరు ఉపవాసముండి అడిగినప్పుడు ఆ మొదటి మాట మీది. ఇప్పుడు రెండో మాటలో నిలబడి ఉన్నారు. ఇది మొదటిదానికంటే తక్కువ విశ్వాసమేమీ కాదు.

మందుల గురించి. వేసుకోండి. డాక్టరు చెప్పినట్టు, చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లు. మధ్యలో కాస్త బాగుందనిపించినా, ఎవరో "ఇక విశ్వాసంతో మానేయండి" అన్నా, సొంతంగా ఆపకండి. ఏదైనా ఇబ్బందిగా ఉంటే రాసిచ్చిన డాక్టరుకే చెప్పండి. హిజ్కియా జబ్బుపడితే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. లూకా వైద్యుడు. దేవుడి పనికీ వైద్యానికీ మధ్య గోడ కట్టింది వాక్యం కాదు.

దీనికి ఏలీయా దగ్గర ఇంకా చూడాల్సింది ఉంది. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం చూసిన ప్రవక్త, కొద్ది రోజుల్లోనే అరణ్యంలో బదరీ చెట్టు కింద కూలబడి "నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర మాట్లాడటం, పని అప్పగించడం అంతా ఆ తర్వాతే. నిద్ర, తిండి లేని శరీరాన్ని దేవుడు ముందు చూసుకున్నాడు, మీరు కూడా ముందు దాన్నే చూసుకోవాలి. ఏలీయాకు వచ్చినట్టు చచ్చిపోవాలనే ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తే, దాన్ని పాపమని దాచుకోకండి. ఆ రోజే మీవారికి, డాక్టరుకు చెప్పండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి.

మీవారి ఉద్యోగం విషయంలో కూడా ఒక మాట. "అంతా దేవుడి చిత్తం" అని చేతులు కట్టుకుని కూర్చోవడం సహనం అనిపించుకోదు. ఫిలిప్పీలో పౌలు, సీలలను అన్యాయంగా కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో పెట్టారు. మధ్యరాత్రి వాళ్లు కీర్తనలు పాడారు, ఇది అందరికీ తెలుసు. తెల్లారాక అధికారులు "వెళ్లిపోండి" అని కబురు పంపితే పౌలు కదల్లేదు. రోమీయులమైన మమ్మల్ని విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). రాత్రి పాడిన నోరే పొద్దున న్యాయం అడిగింది. మీవారికి రావాల్సిన జీతం బాకీ గానీ, ఇతర బకాయిలు గానీ ఉంటే రాతపూర్వకంగా అడగమనండి. కొత్త ఉద్యోగానికి తెలిసినవాళ్లందరికీ చెప్పుకోమనండి, సిగ్గుపడక్కర్లేదు. అప్పులుంటే ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ కలిసి చూసుకోండి. విడివిడిగా టెన్షన్ పడటం కంటే అది నయం. అవసరం ఉంటే సంఘ పెద్దలకు చెప్పండి. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ పత్రికలో ఉన్నది, భారం ఉన్నవాళ్లు దాన్ని దాచిపెడితే నెరవేరదు.

ఇక్కడ బెంగాల్‌లోని శ్రీరాంపూర్ సంగతి ఒకటి చెప్పాలి. 1812 మార్చి 11న అక్కడి మిషన్ ముద్రణాలయం కాలిపోయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి తయారుచేసిన బైబిలు అనువాదాల రాతప్రతులు, నిఘంటువు, వ్యాకరణాలు పోయాయి, అందులో తెలుగు వ్యాకరణం కూడా ఉంది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. తిరిగొచ్చి, ఆ ఆదివారం "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న మాట మీద బోధించాడని చెబుతారు. కరిగి ముద్దలైన అచ్చు అక్షరాల లోహాన్ని శిథిలాల్లోంచి ఏరి, మళ్లీ పోత పోశారు. రాతప్రతులు మళ్లీ మొదటినుంచి రాశారు. ఆ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. కళ్ల ముందు ఉన్న పని మళ్లీ మొదలుపెట్టడం కూడా విశ్వాసమే అనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే కేరీ జీవితంలో ప్రసంగాల్లో అంతగా వినబడని భాగం ఒకటుంది. 1794లో ఆయన కొడుకు పీటర్ ఐదేళ్ల వయసులో చనిపోయాడు. భార్య డోరతీ మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. కాలిపోయిన పుస్తకం మళ్లీ రాయవచ్చు, పీటర్ మాత్రం తిరిగి రాలేదు. అందుకే మీకు ముద్రణాలయం కథ ఒక్కటే చెప్పి "మీరూ లేచి పనిలో పడండి" అనడం నాకు న్యాయం అనిపించదు. ఉద్యోగం ముద్రణాలయం లాంటి నష్టం, దానికి మళ్లీ పోత పోయవచ్చు. మీ తమ్ముడిది ఆ కోవలోకి రాదు. ఆ దుఃఖానికి గడువు పెట్టకండి, ఇంకెవరైనా పెడితే ఒప్పుకోకండి. పునరుత్థానం ఉందన్న నిరీక్షణ ఉన్నా ఏడుపు వస్తుంది. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడకండి అన్నాడు పౌలు, అసలు దుఃఖపడకండి అనలేదు.

మీకు చాలామంది రోమా 8:28 చెప్పి ఉంటారు, దేవుణ్ణి ప్రేమించేవారికి మేలు కలగడానికి సమస్తమూ సమకూడి జరుగుతున్నాయని. నేను ఆ వచనాన్ని నమ్ముతాను. అయితే క్యాన్సర్ మంచిదని ఆ వచనం చెప్పడం లేదు. తనను గోతిలో పడేసి అమ్మేసిన అన్నలతో యోసేపు "మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి" అన్నాడు, కీడును కీడు అనే పిలిచాడు. దేవుడు దాన్ని మేలుకి తిప్పాడన్న సంగతి, ఏళ్ల తర్వాత వెనక్కి చూసి తనే చెప్పాడు. గోతిలో ఉన్నప్పుడు పైనుంచి ఎవరో వంగి ఆ మాట చెప్పలేదు. మీ విషయంలో కూడా ఆ మాట ఒకరోజు మీ నోటి నుంచి రావచ్చు. ఇవాళే చెప్పాలని ఏమీ లేదు.

ఇక రోజూ ఏం చేయాలంటే, పెద్ద పెద్ద తీర్మానాలు చేసుకోకండి. గంటసేపు ప్రార్థన చేయలేకపోతే వద్దు. రోజుకో మొర కీర్తన తీసి నెమ్మదిగా చదవండి, 13, 22, 42, 77, 88, ఇలా. మీకు చెప్పడానికి మాటలు లేనప్పుడు ఆ మాటలు అరువు తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత మనసులో నిజంగా ఉన్నది ఒక్క వాక్యంలో దేవుడికి చెప్పండి, "నాకు కోపంగా ఉంది" అయినా సరే. ఆపైన ఆ రోజుకి ముందున్న పని ఒకటి చేయండి. పిల్లలుంటే వాళ్లకు అన్నం పెట్టడం, ఒక ఫోన్ చేయడం, మందు వేసుకోవడం, ఏదైనా సరే. ఈ రోజుల్లో పెద్ద నిర్ణయాలు, ఊరు మారడం, సంఘం మారడం లాంటివి వాయిదా వేయగలిగితే వేయండి.

ఆదివారం పాటల సంగతి. సంఘానికి వెళ్లడం మానకండి, కానీ పాడలేకపోతే పాడకండి. పక్కవాళ్లు పాడుతుంటే కూర్చుని వినండి, ఆ వారానికి వాళ్లు మీ బదులు పాడుతున్నారనుకోండి. కన్నీళ్లొస్తే రానివ్వండి. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న ఆజ్ఞ మీ సంఘానికి కూడా ఉంది, మీరు ఎప్పుడూ నవ్వుతూ కనబడితే వాళ్లకు ఆ అవకాశం ఉండదు. పాస్టరుగారితో విడిగా ఒకసారి మాట్లాడండి, మీరు నాకు రాసింది అలాగే చూపించినా సరే.

ఆ పెద్దావిడ మళ్లీ అదే మాట ఎత్తితే వాదించనక్కర్లేదు. "అమ్మా, పరీక్షించుకున్నాను, దేవుడి ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకున్నాను. ఇప్పుడు నా కోసం ప్రార్థన చేయండి, నాతో కాసేపు కూర్చోండి, చాలు" అనండి. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒకటుంది, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. ఆవిడ కూడా అలా కూర్చోగలిగితే మీకు మేలే. లేదంటే కొన్నాళ్లు దూరంగా ఉండండి, క్షమించడానికీ దూరంగా ఉండటానికీ విరోధం లేదు.

మీవారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. ఆయన కూడా బావమరిదిని పోగొట్టుకున్నారు, ఆపైన ఉద్యోగం. మగవాళ్లు చాలాసార్లు ఇలాంటివి బయటికి చెప్పరు. ప్రార్థన చేద్దామని బలవంతపెట్టకుండా, "మీకెలా ఉంది?" అని అడిగి చూడండి. యోబు భార్య "దేవుణ్ణి దూషించి చచ్చిపో" అన్నదని మనం ఆమెను తేలిగ్గా తిడతాం, కానీ ఆమె కూడా ఒక్కరోజే పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. ఒకే ఇంట్లో ఇద్దరి దుఃఖం ఒకేలా ఉండదు. ఆయన ఏదైనా కటువుగా అంటే దాన్ని అవిశ్వాసమని వెంటనే తేల్చకండి.

మందులు మొదలుపెట్టాక నిద్ర ఎలా ఉందో, మీవారు ఏమంటున్నారో వీలైతే ఇక్కడే రాయండి. మీ తమ్ముడి పేరు చెప్పాలనిపిస్తే చెప్పండి, మీ ఇద్దరి కోసం, మీ అమ్మానాన్నల కోసం ప్రార్థిస్తాను.